రొసారియో, హైదరాబాదు: రెండు ఫుట్‌బాల్ జట్ల కథ

రేణిగుంట జంక్షనులో బండి మారవలసి వచ్చినవారికి వేచియుండుట కొత్త కాదు. తూర్పున గూడూరు, పడమట తిరుపతి, ఉత్తరమున కడప, దక్షిణమున అరక్కోణము, ఇన్ని దారులు అచ్చట కలియుచున్నవి. మదరాసు రైల్వేవారి మార్గము 1862లో రేణిగుంట చేరినది. 1871లో అదే మార్గము రాయచూరు వద్ద బొంబాయి నుండి వచ్చిన మార్గముతో కలిసినది. రైలు ఏ ఊరికి వచ్చినను ఇనుప పట్టాలు మాత్రమే రాలేదు. గంట, పచ్చజెండా, కాలనిర్ణయ పట్టిక, ఒకే వరుసలో కట్టిన క్వార్టర్లు, సాయంకాలమున ఉద్యోగులు కూడుకొనుటకు ఇన్‌స్టిట్యూటు, అన్నియు వచ్చినవి. ప్రపంచమున అనేక స్థలములకు వాటితో పాటు మరియొక వస్తువు కూడ వచ్చినది. అది తోలుతో కుట్టిన బంతి.

ఆ బంతి చరిత్ర తెలియవలెనన్న భూగోళమునకు ఆవలి వైపునకు ఒకసారి పోయి రావలెను. దక్షిణ అమెరికాలో, అర్జెంటీనా దేశమున, పరానా నది ఒడ్డున రొసారియో అను రేవు పట్టణము కలదు. సముద్రమునకు దూరముగ నున్నను, ఓడలు నదిలో ఎదురెక్కి అచ్చటికి వచ్చును. లోపలి మైదానములలో పండిన ధాన్యము రైలు పెట్టెలలో రొసారియోకు చేరి, అచ్చట ఓడలకెక్కి ఐరోపాకు పోయెడిది. ఆ రైలు మార్గము బ్రిటిషు కంపెనీది. దాని పేరు సెంట్రల్ అర్జెంటైన్ రైల్వే. మదరాసు రైల్వే వలెనే లండను పెట్టుబడితో నడచిన సంస్థ.

1889 డిసెంబరు 24వ తేదీన ఆ రైల్వేలో పనిచేయువారు కొందరు సమావేశమై ఒక క్రీడాసంఘము స్థాపించినారు. కాలిన్ కాల్డర్ అను ఉద్యోగి దానికి మొదటి అధ్యక్షుడు. సంఘమునకు రైల్వే పేరే పెట్టుకొన్నారు. నియమము కూడ రైల్వేకు తగినట్లే ఉండెను: రైల్వే ఉద్యోగి కానివారికి అందులో సభ్యత్వము లేదు. అప్పటికి అది మన రైల్వే కాలనీల ఇన్‌స్టిట్యూటు వంటిదే. యజమాని కంపెనీ, ఆడువారు ఆ కంపెనీ జీతగాండ్రు, చూచువారు వారి ఇరుగుపొరుగులు.

మార్పు 1903లో వచ్చినది. రైల్వే కంపెనీల విలీనము జరుగుచున్న ఆ సమయమున సంఘమువారు తమ నియమమును తిరుగవేసి, రైల్వేతో సంబంధము లేనివారికి కూడ సభ్యత్వమీయ నిశ్చయించినారు. పేరు రొసారియో సెంట్రల్ అని మారినది. ఆనాడు అది చిన్న తీర్మానముగనే తోచియుండును. కాని ఆ దినము నుండి ఆ జట్టు కంపెనీ సొత్తు కాక నగరపు సొత్తయినది. రేవులో మూటలు మోయువాడు, రొట్టెలు కాల్చువాడు, బడిపంతులు, ఎవరైనను చందా కట్టి సభ్యుడు కావచ్చును. సభ్యులు ఓటువేసి అధ్యక్షుని ఎన్నుకొందురు. 1931లో అర్జెంటీనాలో వృత్తి ఫుట్‌బాలు ఆరంభమై, క్రీడాకారులు బహిరంగముగ జీతములు పుచ్చుకొన నారంభించిన తరువాత కూడ, సంఘము సభ్యులదిగనే నిలిచినది.

ఈ దూరదేశపు కథ ఇంతగా చెప్పుటకు కారణమున్నది. మన తెలుగుదేశమున కూడ ఒక ఉద్యోగుల జట్టు పుట్టినది. అది రైల్వేది కాదు, పోలీసుశాఖది. ఒక దశాబ్దమునకు పైగా అది భారతదేశమున మేటి జట్లలో ఒకటిగా వెలిగినది. దాని పేరు హైదరాబాదు సిటీ పోలీసు.

నిజాము కాలమున నగరమునందు ఫుట్‌బాలు విరివిగా ఆడెడివారు. సిటీ పోలీసు జట్టు 1943లో బెంగుళూరులో జరిగిన ఆష్ గోల్డ్ కప్పు పోటీలో రాయల్ ఎయిర్ ఫోర్సు జట్టును ఓడించి పేరు గడించినది. కాని దాని మహర్దశ 1950లో ఆరంభమైనది. ఆ సంవత్సరము సయ్యద్ అబ్దుల్ రహీమ్ ఆ జట్టుకు శిక్షకుడైనాడు.

రహీమ్ 1909లో జన్మించినాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, పాఠశాలలో ఉపాధ్యాయుడుగ పనిచేసినాడు. అందరును ఆయనను రహీమ్ సాహెబ్ అనెడివారు. పాఠము చెప్పినట్లే ఆట నేర్పుట ఆయన పద్ధతి. ఆనాడు మన దేశమున బంతి దొరికిన ఆటగాడు దానిని కాలికి అంటించుకొని, ఎదురైనవారినెల్ల తప్పించుకొని పోవుటయే నేర్పుగా ఎంచెడివాడు. రహీమ్ దీనిని మాన్పింపదలచి ఒక చిత్రమైన పోటీ ఏర్పరచినాడు. అందులో బంతిని వెంట నడిపించుకొని పోరాదు, వచ్చిన వెంటనే తోటివానికి అందింపవలెను. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలెనను పోటీలు కూడ పెట్టినాడు. కుడికాలి వాటము గలవాడు ఎడమకాలితో బంతి తన్నలేక మొదట నవ్వులపాలగును. కొన్ని మాసములకు వానికి రెండు కాళ్ళును సమానమగును. ఖర్చు లేని ఉపాయము, బడిపంతులుకు తోచదగినది.

ఫలితము త్వరలోనే కనబడినది. 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనలులో కలకత్తా మోహన్ బగాన్ వంటి జట్టును సిటీ పోలీసు ఓడించినది. హైదరాబాదు సంస్థానము భారత యూనియనులో చేరి అప్పటికి రెండు సంవత్సరములే. బొంబాయి రోవర్స్ కప్పును 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచినది. డ్యూరాండ్ కప్పు మరల 1954లోను, 1957లోను దక్కినది. ఆంధ్రప్రదేశము ఏర్పడిన తరువాత జట్టు పేరు ఆంధ్ర పోలీసుగా మారి, 1961లో అదే కప్పును మరల తెచ్చినది. రాష్ట్రముల మధ్య జరుగు సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956-57లోను, 1957-58లోను గెలిచినది.

రహీమ్ భారత జట్టుకు కూడ శిక్షకుడు. ఆయన శిక్షణలో మన జట్టు 1951లో ఢిల్లీలో ఆసియా క్రీడల స్వర్ణపతకము పొందినది. 1956లో మెల్బోర్ను ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4-2 గోలులతో ఓడించి నాలుగవ స్థానమున నిలిచినది. 1962 సెప్టెంబరులో జకార్తాలో ఆసియా క్రీడల ఫైనలులో దక్షిణ కొరియాను 2-1తో జయించినది. ఆ నాటికే రహీమ్ ఊపిరితిత్తుల క్యాన్సరుతో బాధపడుచుండెను. తొమ్మిది మాసములు గడచునప్పటికి, 1963 జూన్ 11న, ఆయన మరణించినాడు.

ఆ పిమ్మట జరిగినది ఒక్కనాటి పతనము కాదు. ఆ సంవత్సరము కూడ రోవర్స్ కప్పు ఆంధ్ర పోలీసుకే వచ్చినది. 1965-66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్‌కు దక్కినది. కాని కొత్త నీరు చేరని చెరువు క్రమముగ తగ్గినట్లు జట్టు బలము తగ్గుచు వచ్చినది. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టి రహీమ్ చేతిలో తీర్చబడిన తులసీదాస్ బలరామ్ 1957లోనే కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు పోయినాడు. 1966లో మహమ్మద్ హబీబ్ ఆ దారినే పోయినాడు. ఉద్యోగము చూచుకొనక ఆటనే జీవనముగ చేసికొన్న హబీబును మన దేశపు తొలి నిజమైన వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారుడని పలువురు చెప్పుదురు. 1977లో పెలే న్యూయార్కు కాస్మాస్ జట్టుతో కలకత్తాకు వచ్చినపుడు, మోహన్ బగాన్ పక్షమున హబీబ్ ఆడినాడు. ఆట 2-2తో సమమైనది. హైదరాబాదు బిడ్డ పెలేతో తలపడినాడు, కాని వేరొక నగరపు చొక్కా తొడిగి తలపడినాడు. బలరామ్, హబీబ్ ఇద్దరును 2023లో కన్నుమూసినారు.

మంచి ఆటగాండ్రు పోవుట వలననే జట్టు క్షీణించినదా? రొసారియో చూచిన, అది చాలిన సమాధానము కాదనిపించును. ఆ జట్టు నుండియు మేటివారు పోవుచునే ఉన్నారు. 1978 ప్రపంచ కప్పులో అర్జెంటీనాను గెలిపించిన మారియో కెంపెస్ 1976లోనే రొసారియో సెంట్రల్ విడిచి స్పెయిను పోయినాడు. ఆంజెల్ డి మరియా 2007లో పోర్చుగలుకు పోయి, 2025లో తిరిగి వచ్చినాడు. 2010లో ఆ జట్టు మొదటి శ్రేణి నుండి క్రిందికి జారినది. మూడు సంవత్సరములు అక్కడనే మగ్గి, 2013లో పైకి వచ్చినది. జట్టు జారినను చందా కట్టువారున్నారు, పిల్లలను మైదానమునకు పంపువారున్నారు, అధ్యక్షుని నిలదీయువారున్నారు.

సిటీ పోలీసుకు ఇవి లేవు. అభిమానులు వేలమంది, సభ్యులు మాత్రము లేరు. ఆటగానికి పోలీసు ఉద్యోగము దొరకెడిది, జీతము, భద్రత ఉండెడివి. అది చిన్న మేలు కాదు. పేద ఇంటి పిల్లవానికి ఆ రోజులలో అంతకంటె ఏమి కావలెను? కాని ఎవరిని తీసికొనవలెను, ఎంత ఖర్చు చేయవలెను అన్నది శాఖ నిర్ణయము. శాఖకు ఆసక్తి తగ్గిన నాడు ప్రశ్నింపగల హక్కు నగరములో ఎవ్వరికిని లేదు. నేర్పుటకు రహీమ్ ఒక్కడే. ఆయన పద్ధతిని కాపాడు సంస్థ లేదు. రొసారియోవారు 1903లో తెరచిన తలుపు ఇచ్చట తెరువబడలేదు.

ఇటీవలి అనుభవము కూడ ఇదే చెప్పుచున్నది. 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అను వృత్తి జట్టు ఏర్పడినది. 2022 మార్చిలో ఇండియన్ సూపర్ లీగు విజేత అయినది. 2025లో యాజమాన్యము దానిని ఢిల్లీకి తరలించి, పేరు కూడ మార్చినది. పోలీసు జట్టు శాఖది, ఈ జట్టు పెట్టుబడిదారులది. రెండింటికిని నగరము పేరు మాత్రమే అరువిచ్చినది. అరువు వస్తువు ఎప్పుడైనను తిరిగిపోవును.

రహీమ్ జీవితముపై 2024లో ఒక హిందీ చలనచిత్రము వచ్చినది. దానిని చూచినవారు ఆయన పేరు తెలిసికొన్నారు, సంతోషమే. కాని ఆయన పద్ధతి పటములో దాచదగినది కాదు. ఒక బంతి, ఖాళీ స్థలము, ఎడమకాలితో తన్ను అని చెప్పు పెద్దవాడు ఉన్న చాలును. రేణిగుంటలో గాని, మీ ఊరిలో గాని సాయంకాలము పిల్లలు బంతి ఆడుచున్నచో, వారి జట్టు ఎవరిదని ఒకసారి అడిగి చూడుడు. ఊరివారు నెలకు కొంత చందా వేసి, ఒక పుస్తకములో పేర్లు వ్రాసికొని, ఏటేట లెక్క అడుగుటకు సిద్ధపడినచో, రైల్వే ఉద్యోగులు రొసారియోలో తెరచిన తలుపే ఇచ్చటను తెరువబడును.