చివరిదని తెలియని చివరి ఆల్బమ్: శ్రోతల అభిప్రాయం చారిత్రక ఆధారంగా

ఒక ఆధారాన్ని చదివేటప్పుడు 'ఎవరు చెప్పారు' అని అడగడం చరిత్ర విద్యార్థులకు అలవాటే. 'ఎప్పుడు చెప్పారు' అన్న ప్రశ్నను మాత్రం తరచుగా వదిలేస్తాం. దాని ప్రాముఖ్యం తెలుసుకోవడానికి ఈ పాఠ్యభాగంలో శాసనాలను, ప్రభుత్వ పత్రాలను కాసేపు పక్కనపెట్టి, ఒక రికార్డు గురించి శ్రోతలు ఏమనుకున్నారో పరిశీలిద్దాం. అది బ్రిటన్‌కు చెందిన లెడ్ జెప్లిన్ బృందం 1979 ఆగస్టులో విడుదల చేసిన 'ఇన్ త్రూ ది ఔట్ డోర్'.

అమెరికాలోని నల్లజాతి ప్రజల బ్లూస్ సంగీతాన్ని ఎలక్ట్రిక్ గిటార్లతో, భారీ ధ్వనితో వాయించే పద్ధతిని బ్లూస్ రాక్ అంటారు. 1968లో ఏర్పడిన లెడ్ జెప్లిన్ ఈ పద్ధతిలో పేరు పొందిన బృందాల్లో ఒకటి. జిమ్మీ పేజ్ గిటారు, రాబర్ట్ ప్లాంట్ గాత్రం, జాన్ పాల్ జోన్స్ బేస్ గిటారు, కీబోర్డు, జాన్ బోనమ్ డ్రమ్స్. పాత బ్లూస్ పాటలను వాడుకుని మూల రచయితలకు తగిన పేరు ఇవ్వలేదన్న వివాదమూ ఈ బృందంపై ఉంది. అది విడిగా చదవవలసిన విషయం.

1977 జులైలో ప్లాంట్ ఐదేళ్ల కొడుకు జబ్బుతో చనిపోయాడు. బృందం చాలాకాలం మౌనంగా ఉండిపోయింది. ఈలోగా బ్రిటన్‌లో పంక్ సంగీతం వచ్చి, ఇలాంటి పెద్ద బృందాలను పాతబడిన సరుకుగా ఎగతాళి చేసింది. 1978 నవంబరు, డిసెంబరు నెలల్లో స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో జరిగిన రికార్డింగులో జోన్స్ సింథసైజర్ ముందుకు వచ్చింది, పేజ్ గిటారు కొంత వెనక్కి తగ్గింది. మొత్తం ఏడు పాటల్లో రెండింటికి రచయితగా పేజ్ పేరే లేదు. బృందం సొంత రచనల్లో అంతకుముందు ఎన్నడూ అలా జరగలేదు. ఆ రెండింటిలో ఒకటైన 'ఆల్ మై లవ్' చనిపోయిన బిడ్డ జ్ఞాపకార్థం రాసినది.

ఇక శ్రోతల సంగతి. ఈ ఆల్బమ్ అమెరికాలో ఏడు వారాలు అమ్మకాల్లో మొదటి స్థానంలో నిలిచింది, బ్రిటన్‌లోనూ మొదటి స్థానానికి చేరింది. అయితే అమ్మకం వేరు, అభిప్రాయం వేరు. అంతకుముందు స్టూడియో ఆల్బమ్ 1976లో వచ్చింది. మూడేళ్లు ఎదురుచూసినవారు వినకముందే కొన్నారు. పైగా అట్టను ఆరు రకాలుగా ముద్రించి, ఏది ఎవరికి వస్తుందో తెలియకుండా గోధుమరంగు కాగితం సంచిలో పెట్టి అమ్మారు. ఆరూ సేకరించాలన్న సరదా కూడా ఆ లెక్కల్లో కలిసే ఉంటుంది. రోలింగ్ స్టోన్ పత్రిక సమీక్షకుడు పెదవి విరిచాడు. లండన్ వారపత్రిక మెలొడీ మేకర్ పాఠకులు మాత్రం ఆ ఏడాది ఓటింగులో ఈ బృందానికి అనేక బహుమతులు ఇచ్చారు. విమర్శకుడి మాటను శ్రోతల మాటగా తీసుకోరాదనడానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ దొరకదు.

కీబోర్డు పెరగడం మంచిదా, చెడ్డదా? బ్లూస్ ఎక్కడికి పోయింది? బృందం ఇక ఏ దారి పడుతుంది? 1979 నాటి చర్చ ఈ ప్రశ్నల చుట్టూ తిరిగింది. ఇవన్నీ భవిష్యత్తు ఉన్న బృందాన్ని ఉద్దేశించినవని గమనించండి.

1980 సెప్టెంబరు 25న బోనమ్ 32వ ఏట మరణించాడు. అమెరికా పర్యటన అక్టోబరులో మొదలు కావలసి ఉంది. డిసెంబరు 4న, ఇక కొనసాగలేమని మిగిలిన ముగ్గురూ ప్రకటించారు. ఆ రోజుతో, రికార్డులో ఒక్క స్వరమూ మారకుండానే, అది 'చివరి ఆల్బమ్' అయింది. ఆ తరువాత విన్నవారిలో కొందరికి ముగింపులోని నెమ్మదైన బ్లూస్ పాట వీడ్కోలులా వినిపించింది. మరికొందరు గిటారు తగ్గడాన్ని పతనానికి ముందస్తు గుర్తుగా చెప్పారు. ఒకటి అభిమానం, మరొకటి ఆక్షేపణ. కానీ రెండింటికీ ముగింపు ముందే తెలుసు. నా దృష్టిలో ఇవి 1979ని గురించి చెప్పేది తక్కువ, 1980 తరువాతి మనఃస్థితిని గురించి చెప్పేది ఎక్కువ. తరువాతి ఆల్బమ్‌ను మరింత గట్టి గిటారు సంగీతంతో చేయాలని తానూ బోనమ్ అనుకున్నామని పేజ్ తదనంతర కాలంలో చెప్పాడు. దాన్నీ జ్ఞాపకంగానే తూచాలి.

క్రీమ్ బృందంతో పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది. ఆ ముగ్గురు విడిపోతున్నట్లు 1968లోనే ప్రకటించి, నవంబరు 26న లండన్‌లో వీడ్కోలు కచేరీ చేశారు. 1969లో వచ్చిన వారి ఆల్బమ్ పేరే 'గుడ్‌బై'. కొన్నవారందరూ అది చివరిదని తెలిసే విన్నారు. కాబట్టి అందులో వీడ్కోలు వినిపించిందని ఒక శ్రోత అంటే, ఆ మాట ఆనాటిదే కావచ్చు.

లెడ్ జెప్లిన్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. మిగిలిపోయిన పాత రికార్డింగులతో 1982లో 'కోడా' వెలువడింది. విడుదల తేదీని బట్టి అదే చివరిది. అయినా చాలామంది శ్రోతలు 1979 నాటిదాన్నే చివరిదిగా లెక్కిస్తారు.

అభ్యాసం: 2007 డిసెంబరు 10న ముగ్గురు సభ్యులు, బోనమ్ కుమారుడు జేసన్ డ్రమ్స్‌తో, లండన్‌లో కచేరీ చేశారు. అందులో వాయించిన 16 పాటల్లో 'ఇన్ త్రూ ది ఔట్ డోర్' నుంచి ఒక్కటీ లేదు. ఈ వాస్తవాన్ని ఆ ఆల్బమ్‌పై వారి అభిప్రాయానికి ఆధారంగా తీసుకోవచ్చునా? తీసుకుంటే, అది ఏ సంవత్సరపు అభిప్రాయం అవుతుంది? పది పంక్తుల్లో రాయండి.