తోటరాముడి తల్లి పేరులో మా ఊరు

1951లో వచ్చిన పాతాళభైరవి చూడని తెలుగువాళ్లు తక్కువ. అందులో తోటరాముడి తల్లిగా వేసినావిడ సురభి కమలాబాయి. ఆ సురభి ఆమె ఇంటిపేరు కాదు. కడప జిల్లా చక్రాయపేట మండలంలోని మా పల్లె పేరు. గండి వీరాంజనేయస్వామి దర్శనానికి వచ్చేవాళ్లకు మా మండలం పాపాఘ్ని నది వల్ల, గుడి వల్ల తెలుసు. నాటకం తెలిసినవాళ్లకు సురభి వల్ల తెలుసు. కమలాబాయిని తొలి తెలుగు టాకీ కథానాయికగా పుస్తకాల్లో రాసుకున్నాం. ఆ వరుస సరైనదే గానీ, ఆమె కథ బొంబాయి స్టూడియోలో మొదలు కాలేదు. మా ఊళ్లో, ఆమె పుట్టడానికి ఇరవై ఏళ్లకు ముందే మొదలైందని నా నమ్మకం.

1885 నాటికి వనారస వారి కుటుంబం తోలుబొమ్మలాట ఆడుకుంటూ సీమ పల్లెల్లో తిరిగేది. మరాఠా సైన్యాల వెంట దక్షిణాదికి వచ్చి ఇక్కడే నిలిచిపోయిన ఆరె వాళ్లు వీళ్లు. ఇంట్లో ఆరె మరాఠీ, ఆటలో తెలుగు పద్యం. మా ఊరి పెద్దల ఇంట పెళ్లికి ఆటకు పిలిచినప్పుడు, ఈసారి బొమ్మలు పక్కన పెట్టి మీరే వేషాలు కట్టి ఆడండని అడిగారట. వాళ్లు కీచక వధ ఆడారు. జనం మెచ్చారు. ఆ మెప్పు చూసిన వనారస గోవిందరావు అదే దారి పట్టి, శారదా మనోవినోదినీ సంగీత నాటక సభ పేరుతో సమాజం నడిపారు. ఆ సమాజమూ, దాని నుంచి చీలిన సమాజాలూ ఏ ఊళ్లో డేరా వేసినా పుట్టిన పల్లె పేరునే ముందు పెట్టుకున్నాయి.

సురభిలో తొలినాళ్ల నుంచీ ఆడవేషాలు ఆడవాళ్లే కట్టారు. దీన్ని గోవిందరావు గారి సాహసంగా చెబుతారు. సాహసమే, కాదనను. కానీ తోలుబొమ్మలాట దగ్గర నుంచి చూసినవాళ్లకు అందులో ఇంకొక సంగతి కనిపిస్తుంది. ఆ ఆట కుటుంబమంతా కలిసి ఆడేది. తెర వెనక మగవాళ్లతో పాటు ఆడవాళ్లూ ఉంటారు. సీతకు, ద్రౌపదికి, నవ్వించే బొమ్మ బంగారక్కకు గొంతు వాళ్లదే. పద్యం, వచనం, వెక్కిరింత, ఏడుపు అన్నీ వాళ్ల నోటనే పలుకుతాయి. అంటే మా ఊళ్లో కీచక వధ ఆడేనాటికే ఆ ఇళ్లలో నటీమణులు తయారై ఉన్నారు. వాళ్లకు కొత్తగా నేర్పవలసింది నటన కాదు. తెర ఇవతలికి రావడం ఒక్కటే.

మిగతా తెలుగునేల మీద ఆ అడుగు పడటానికి చాలా ఏళ్లు పట్టింది. అక్కడ ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లే కట్టేవారు. స్థానం నరసింహారావు సత్యభామగా, చిత్రాంగిగా, రోషనారాగా రంగం మీద నడిస్తే ఆడవాళ్లే ఆ నడక చూసి నేర్చుకోవాలన్నంత పేరు తెచ్చుకున్నారు. ఆయన విద్యను తక్కువ చేయలేం. అయితే ఆ విద్య అంతగా అవసరపడటానికి కారణం, సంసారుల ఇళ్ల ఆడపిల్లలకు రంగం తలుపు మూసి ఉండటమే. మొహానికి రంగు వేసుకున్న స్త్రీని లోకం చులకనగా చూసేది. చదువుకున్న స్త్రీలు నాటకాల్లోకి రావాలని బళ్లారి రాఘవ పట్టుబట్టి, కొమ్మూరి పద్మావతీదేవి వంటివారితో కలిసి నటించేనాటికి సురభి ఆడవాళ్లు ఒక తరం వేషాలు కట్టి, పిల్లలకు పద్యాలు నేర్పి ఉన్నారు. భర్త కీచకుడు, భార్య ద్రౌపది, మామగారు విరాటరాజు, బిడ్డ ఉత్తర అయితే ఇక చాటున గుసగుసలాడటానికి ఎవరికి చోటుంటుంది? కుటుంబమే వాళ్లకు కాపు. ఆ కాపు కట్టుబాటు కూడా అయింది. డేరాలో పుట్టిన ఆడపిల్లకు నటన తప్ప మరో బతుకు కోరుకునే వీలు లేకపోయింది.

కమలాబాయి 1907లో అలాంటి డేరాలోనే పుట్టింది. తల్లి వెంకూబాయి నిండు గర్భిణిగా దమయంతి వేషంలో ఉండగా రంగం మీదే నొప్పులు వచ్చాయని, జనం అదీ నాటకంలో భాగమే అనుకున్నారని, తెర దించాక బిడ్డ పుట్టిన మాట తెలిసి డబ్బులు వెదజల్లారని సురభి కుటుంబాల్లో చెప్పుకుంటారు. దీన్ని అందరూ ఒక వింతగా చెబుతారు. నాకు మాత్రం అందులో ఆ ఆడవాళ్ల పని కనిపిస్తుంది. నెలలు నిండిన మనిషి దమయంతిగా నిలబడి పద్యం పాడాల్సి వచ్చిందంటే, ఆ రాత్రి ఆట ఆగితే మర్నాడు డేరాలో పొయ్యి వెలగడం కష్టమనే కదా.

సురభి పిల్లలకు బడి రంగమే. మాటలు రాగానే బాలకృష్ణుడు, ఆ తర్వాత ప్రహ్లాదుడు, లవకుశులు. కమల కూడా కృష్ణుడు, ప్రహ్లాదుడు కట్టే పెరిగింది. నాయిక వేషం చేతికొచ్చేసరికి ఆ నాటకంలో మిగతా పాత్రల మాటలు కూడా కంఠతా వచ్చేస్తాయి. ఎవరికి జ్వరం తగిలితే వాళ్ల వేషం ఇంకొకరు కట్టాలి మరి. పగలు వంట, పిల్లలు, దుస్తులు, రంగులు. రాత్రి ఆట. మైకు లేని కాలం. హార్మోనియం శ్రుతి మీద ఎత్తిన పద్యం చివర నేల మీద కూర్చున్నవాడికి కూడా తప్పు పోకుండా వినిపించాలి. నారదుడు మబ్బుల్లోంచి దిగడం, బాణాలు గాలిలో ఢీకొనడం, నిప్పుల వాన వంటి మాయలకు సురభి పెట్టింది పేరు. ఆ తీగల మధ్య, ఆ మంటల పక్కన అడుగు తప్పకుండా నిలబడి రాగం పోనివ్వకుండా పాడిన ఆడవాళ్ల నేర్పు ఆ మాయలకు ఏ మాత్రం తీసిపోదు.

1931లో ఆలం ఆరాతో మన దేశంలో సినిమాకు మాట వచ్చింది. నేపథ్యగానం ఇంకా లేదు. నటించే మనిషే కెమెరా ముందు అప్పటికప్పుడు పాడాలి. అలాంటి మనుషులు దొరికేది నాటక సమాజాల్లోనే. హెచ్.ఎం. రెడ్డి తెలుగు టాకీ తలపెట్టినప్పుడు సురభి వైపు చూడటంలో ఆశ్చర్యం లేదు. ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారంగా, చందాల కేశవదాసు పాటలతో భక్త ప్రహ్లాద తీశారు. మునిపల్లె సుబ్బయ్య హిరణ్యకశిపుడు, కమలాబాయి లీలావతి. చిన్ననాడు ప్రహ్లాదుడు కట్టిన పిల్ల ఇప్పుడు ప్రహ్లాదుడి తల్లి. 1932 ఫిబ్రవరి 6న ఆ సినిమా బొంబాయిలో విడుదలైంది. దాని ప్రతి ఈనాడు మిగిలి లేదు. తెలుగు తెర మీద తొలి నాయిక ఎలా నడిచిందో, ఎలా పలికిందో చూసే భాగ్యం మనకు పోయింది. ఇది తలచుకున్నప్పుడల్లా బాధేస్తుంది.

ఆ ఏడాదే సాగర్ కంపెనీ తీసిన పాదుకా పట్టాభిషేకం, శకుంతల సినిమాల్లోనూ ఆమే నాయిక. తర్వాత చాలా ఏళ్లు బొంబాయిలోనే ఉండి హిందీ చిత్రాల్లో వేసింది. ఇంట్లో మరాఠీ మాట్లాడే కుటుంబం నుంచి వచ్చిన మనిషికి ఆ నగరం మరీ పరాయిగా తోచి ఉండదనుకుంటాను. తిరిగి తెలుగు తెర మీదికి వచ్చేసరికి కాలం మారింది. పాట వేరొకరు పాడుతున్నారు, నాయికలు కొత్తవాళ్లు. ఆమెకు తల్లి వేషాలు వచ్చాయి. పాతాళభైరవిలో కొడుకు కోసం తల్లడిల్లే ఆ తల్లిని ఈసారి గమనించి చూడండి. పెద్ద మాట లేదు, పెద్ద పాట లేదు. ఉన్న కాస్త చోటులోనే నిండుగా నిలబడింది. డేరాలో ప్రతి వేషమూ ముఖ్యమే అని నేర్చుకున్నవాళ్లే అలా నిలబడగలరు.

1971 మార్చి 30న కమలాబాయి కన్నుమూసింది. స్థానం నరసింహారావు కూడా ఆ ఏడాదే ఫిబ్రవరిలో వెళ్లిపోయారు. ఆయనకు 1956లోనే పద్మశ్రీ వచ్చింది. రావలసిందే. సురభి వారికీ ఆ గౌరవం 2013లో, రేకందార్ నాగేశ్వరరావు గారి ద్వారా దక్కింది. కానీ నూరేళ్లకు పైగా ఆ నాటకాన్ని తమ గొంతులతో, ఒళ్లు హూనం చేసుకుని నడిపించిన ఆడవాళ్లలో మన నోట వచ్చే పేర్లు ఎన్ని? కమలాబాయి పేరైనా నిలిచింది సినిమా వల్ల. ఆమె తల్లి వెంకూబాయి పేరు ఒక్క ప్రసవం కథతో మిగిలింది. దమయంతిగా ఆమె ఎలా పాడేదో రాసిపెట్టినవాళ్లు లేరు.

ఒకప్పుడు సీమలో, కోస్తాలో, తెలంగాణలో సురభి డేరా నెలల తరబడి విడిది చేయని పెద్ద ఊరు లేదు. ఇప్పుడు ఆ కుటుంబాల్లో చాలామంది హైదరాబాద్ శేరిలింగంపల్లిలో ఉంటున్నారు, సమాజాలు వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే మిగిలాయి. మీ ఇంటి అటక మీద పాత నాటకాల కరపత్రాలు, ఫొటోలు ఉంటే పారేయకండి. వాటిలో ఆడవేషాల ఎదురుగా ఏయే పేర్లున్నాయో చూసి, ఊరి పేరూ ఏడాదీ చేర్చి రాసిపెట్టండి. మీ ఇంట్లో ఎనభై దాటిన అవ్వ ఉంటే, చిన్నప్పుడు చూసిన సురభి నాటకంలో సావిత్రి ఎవరు, ద్రౌపది ఎవరు అని ఈ వారమే అడగండి.