బావినీటి ఆమ్లత్వం

బావినీటి ఆమ్లత్వం అనగా బావి లేదా బోరు నీటి పీహెచ్ విలువ 7 కంటే తక్కువగా ఉండే స్థితి. త్రాగునీటి పీహెచ్ 6.5 నుండి 8.5 వరకు ఉండవలెనని భారత ప్రమాణం ఐఎస్ 10500 (2012) నిర్దేశిస్తున్నది. అంతకంటే తక్కువ పీహెచ్ గల నీరు చూపుకు స్వచ్ఛంగానే ఉండి, ఇంటిలోని రాగి గొట్టాలను లోపలినుండి నెమ్మదిగా కరిగించగలదు. పీహెచ్ సంవర్గమాన కొలత. పీహెచ్ 6 గల నీటిలో హైడ్రోజన్ అయాన్ల గాఢత పీహెచ్ 7 గల నీటికంటే 10 రెట్లు ఎక్కువ.

కారణం

వాననీరు గాలిలోని కార్బన్ డయాక్సైడును కరిగించుకొనుట వలన దాని పీహెచ్ సుమారు 5.6 ఉంటుంది. నేలలోనికి ఇంకునప్పుడు వేర్లు, సూక్ష్మజీవులు విడిచే అదే వాయువు మరింత చేరి కార్బోనిక్ ఆమ్లం పెరుగుతుంది. దారిలో సున్నపురాయి తగిలితే ఆమ్లం తటస్థమవుతుంది. వర్షాలు ఎక్కువగా కురిసే లాటరైటు, ఇసుక నేలలలో ఆ అవకాశం తక్కువ. అందువలననే కేరళ లాటరైటు ప్రాంతపు బావులలోను, తెలుగువారు అధికంగా స్థిరపడిన అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రపు దక్షిణ భాగపు ఇసుక పొరలలోను ఆమ్ల జలం సాధారణం. న్యూజెర్సీలో సొంత బావి గల ఇంటిని అమ్మునప్పుడు నీటిని పరీక్షించాలని 2001లో చట్టం చేశారు. ఆ పరీక్షలలో పీహెచ్ ఒకటి.

జూపాడు బంగ్లా పరిసరాలలో

నంద్యాల జిల్లాలోని (2022కు ముందు కర్నూలు జిల్లా) జూపాడు బంగ్లా, నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాలలో పరిస్థితి దీనికి విరుద్ధం. ఇక్కడి నేల అడుగున కర్నూలు శ్రేణికి చెందిన సున్నపురాళ్ళు, షేలు విస్తరించి ఉన్నవి. ఆమ్లజలం సున్నపురాతిని ఎట్లు కరిగించునో తెలిపే పెద్ద సాక్ష్యం ఇదే జిల్లాలోని బెలుం గుహలు. రాతిని కరిగించే క్రమంలో నీరు తన ఆమ్లత్వాన్ని కోల్పోయి కాఠిన్యాన్ని పొందుతుంది. ఇటువంటి నీటిలో సబ్బు నురగ రాదు, కందిపప్పు త్వరగా ఉడకదు, కాచిన గిన్నెలో తెల్లని పొర కడుతుంది. ఇక్కడ ఆమ్లత్వ నివారణ యంత్రం అమర్చుకొనుట వృథా, కాఠిన్యం ఇంకా పెరుగుతుంది కూడా.

గుర్తించుట

కుళాయి కింద, స్నానాల గదిలో నీలి ఆకుపచ్చ మరకలు, తెల్లవారుజామున మొదట పట్టిన నీటిలో లోహపు రుచి, గొట్టాలకు సూదిమొనంత రంధ్రాలు ముఖ్య లక్షణాలు. రాత్రంతా గొట్టంలో నిలిచిన నీటిలోనే రాగి అధికం. మోతాదు మించితే వికారం, వాంతులు, విరేచనాలు కలుగుతాయి. పసిపిల్లలకు, విల్సన్ వ్యాధి గలవారికి ముప్పు ఎక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శక పరిమితి లీటరుకు 2 మిల్లీగ్రాములు. భారత ప్రమాణంలో 0.05, వేరే నీటి వనరు లేనిచో 1.5. పాత ఇళ్ళలో అతుకులకు వాడిన సీసం కరుగుట మరింత ప్రమాదకరం. అమెరికాలో త్రాగునీటి గొట్టాలకు సీసపు అతుకులను 1986లో నిషేధించారు. నీటిని కాచినంత మాత్రాన ఈ లోహాలు పోవు.

పీహెచ్‌ను బావి వద్దనే కొలవాలి. సీసాలో నిలవ ఉంచితే వాయువు తప్పించుకొని విలువ పెరిగి కనిపిస్తుంది.

సవరించే పద్ధతులు

పీహెచ్ 6 లేక ఆపైన ఉంటే కాల్సైటు (కాల్షియం కార్బనేటు) రేణువులు నింపిన తొట్టి చాలును. దీనిని నీరు ఇంటిలో ప్రవేశించే చోట, రాగి గొట్టాలకు ముందుగా అమర్చాలి. కాల్సైటు అవసరమైనంతే కరుగుతుంది, కనుక పీహెచ్ హద్దు మీరదు. అయితే రేణువులు తరుగుతుంటాయి, అప్పుడప్పుడు తిరిగి నింపాలి. బేతంచెర్ల నాపరాయి కూడా ప్రధానంగా ఈ పదార్థమే. అయినను నాలుగు బండముక్కలు తొట్టిలో వేస్తే ఫలితముండదు, నీటికి తగిలే ఉపరితలం చాలదు.

ఆమ్లత్వం ఇంకా ఎక్కువైతే కాల్సైటులో కొంత మెగ్నీషియం ఆక్సైడు కలుపుతారు. ఇది ఎక్కువైనను, నీరు కదలక నిలిచినను పీహెచ్ మితిమీరి పెరుగుతుంది. 5.5 కంటే తక్కువైనచో సోడా బూడిద (సోడియం కార్బనేటు) ద్రావణాన్ని చిన్న పంపుతో కొలతగా కలుపుట మేలు. ఇది కాఠిన్యాన్ని పెంచదు కాని సోడియం చేరుతుంది, రక్తపోటు గలవారు గమనించాలి. కార్బన్ డయాక్సైడే కారణమైనచోట నీటిని తుంపరలుగా గాలికి తగిలించినా కొంత మేలు. కాఠిన్యాన్ని తొలగించే సాఫ్ట్‌నర్ ఆమ్లత్వాన్ని తొలగించదు.

రాగి పాత్రలు

తెలుగు ప్రాంతపు ఇళ్ళలో రాగి గొట్టాలు అరుదు. ఇనుప, ప్లాస్టిక్ గొట్టాలే అధికం. కాని రాగి చెంబు, బిందె వాడుక ఉన్నది. మజ్జిగ, చింతపండు పులుసు రాగి పాత్రలో ఉంచరాదని, ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించాలని పెద్దలు పాటించినది ఈ రసాయన చర్య కారణంగానే. చిలుము పట్టుట దాని గుర్తు. ఆర్.ఓ. యంత్రపు నీరు లవణాలు పోయి స్వల్పంగా ఆమ్లగుణం కలిగి ఉంటుంది. దానిని రాగి బిందెలో రోజుల తరబడి నిలవ ఉంచుట మంచిది కాదు.