ఇంటి పన్నులో 'మడ్' ఎక్కడి నుంచి వచ్చింది?

హ్యూస్టన్ పక్కన కేటీలోనో సైప్రస్‌లోనో ఇల్లు కొన్న మనవాళ్లని అడగండి, చాలామంది ట్యాక్స్ బిల్లులో 'మడ్' అని ఒక లైన్ ఉంటుంది. బురద కాదండోయ్, మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్!

దీని కథ వరదతో మొదలైంది. 1913 డిసెంబరులో టెక్సస్‌లో బ్రాజోస్ నది పొంగి ఊళ్లను ముంచేసింది. తర్వాత కరువు. దాంతో 1917లో ఓటర్లు రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించారు: నీళ్ల పనులకి ప్రత్యేక డిస్ట్రిక్టులు పెట్టొచ్చు, అవి అప్పు తెచ్చి పన్ను వేయొచ్చు అని. 1971లో మడ్ చట్టం వచ్చింది.

సిటీ బయట పొలంలో కాలనీ వేస్తే సిటీ పైపులు అంత దూరం రావు కదా. అందుకే ముందు డెవలపర్ తన డబ్బుతో నీళ్లు, డ్రైనేజీ లైన్లు వేస్తాడు. తర్వాత మడ్ బాండ్లు అమ్మి ఆ డబ్బు అతనికి తిరిగిస్తుంది. ఆ అప్పు తీర్చేది ఇల్లు కొన్నవాళ్లు. చాలా చోట్ల బాండ్లకి ఓటింగ్ ఇళ్లు లేవకముందే అయిపోతుంది, అప్పటికి ఓటర్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే!

అందుకే అమ్మేవాళ్లు మడ్ నోటీసు ఇవ్వాలని చట్టం పెట్టారు. పన్ను రేటు, బాండ్ల లెక్క అందులోనే ఉంటాయి. సంతకం పెట్టేముందు చదవండి.

మడ్‌ని నడిపేది ఐదుగురు డైరెక్టర్ల బోర్డు. వీసా మీద ఉన్నవాళ్లకి ఓటు లేదు. కానీ మీటింగ్‌కి ఎవరైనా వెళ్లొచ్చు, అజెండాలో ఉన్న విషయం మీద మాట్లాడొచ్చు. మీ మడ్ మీటింగ్ ఎప్పుడో ఈరోజే చూడండి.