కరువు తిండి, ఉపవాసం తిండి

శివరాత్రి ముందురోజు ఏ కూరగాయల మార్కెట్‌కి వెళ్ళినా మట్టి అంటుకున్న ఎర్రటి దుంపలు కుప్పలుగా కనిపిస్తాయి. కోస్తావాళ్ళకి చిలగడదుంపలు, రాయలసీమలో గెనుసుగడ్డలు, తెలంగాణలో కందగడ్డలు, కొన్నిచోట్ల రత్నపురిగడ్డలు. గుంటూరు నుంచి హైదరాబాదు వచ్చినవాళ్ళు కందగడ్డ అంటే బచ్చలితో కలిపి వండుకునే కంద అనుకోవడం మామూలే. ఇన్ని పేర్లున్న దుంప మనదే అయ్యుంటుంది అనిపిస్తుంది. కానీ కొలంబస్ 1492లో ఓడ ఎక్కేనాటికి మన దేశంలో ఏ శివరాత్రికీ ఎవరూ దీన్ని ఉడకబెట్టుకోలేదు.

దీని పుట్టిల్లు అమెరికా. కరీబియన్ దీవులవాళ్ళు బటాటా అనేవాళ్ళు. ఆ పేరే ఇంగ్లీషులో పొటాటో అయి, మరాఠీలో బటాటాగానే ఉండి, చివరికి రెండుచోట్లా ఆలుగడ్డకి స్థిరపడింది. దుంపని మాత్రం పోర్చుగీసువాళ్ళు మన తీరానికి తెచ్చారు, స్పెయిన్‌వాళ్ళు పసిఫిక్ దాటించి ఫిలిప్పీన్స్ చేర్చారు.

అక్కణ్ణుంచి 1593లో చెన్ జెన్‌లాంగ్ అనే వర్తకుడు తీగముక్కల్ని చైనాలోని ఫూజియన్‌కి తీసుకెళ్ళాడు. స్పెయిన్‌వాళ్ళ కన్నుగప్పి ఓడతాళ్ళలో చుట్టి తెచ్చాడని చెప్పుకుంటారు. మరుసటేడే అక్కడ కరువు. గవర్నరు జిన్ షుయెజెంగ్ ఊరూరా వీటిని నాటించాడు. జనం ఆ దుంపకి ఆయన పేరే పెట్టుకున్నారు. 1605లో నోగుని సోకాన్ దీన్ని ఫూజియన్ నుంచి ఒకినావాకి చేర్చాడు. 1732లో పశ్చిమ జపాన్‌లో పురుగులు వరిని తినేసి ఘోరమైన కరువొచ్చాక, షోగన్ యోషిమునె ఆజ్ఞ మీద అయోకి కొన్యో అనే పండితుడు 1735లో ఎదోలో, అంటే ఇప్పటి టోక్యోలో, సాగు చేసి చూపించాడు.

కరువుకీ దీనికీ ఇంత దోస్తీ ఎందుకు? వరి వెయ్యాలంటే కొంత ధాన్యం తినకుండా దాచాలి. ఆకలేసినవాడు విత్తనం గింజలు కూడా తినేస్తాడు. దీనికి ఆ బెంగ లేదు. దుంప తినేసినా జానెడు తీగ మిగిలితే చాలు, మళ్ళీ నాటుకోవచ్చు. ఇసుక నేలైనా పర్లేదు. గాలివానకి వరి పడిపోతుంది, ఇది మట్టికింద భద్రంగా ఉంటుంది. లేతాకులు కూరకి పనికొస్తాయి.

ప్రాణం నిలబెట్టిన తిండికి పేదరికపు ముద్ర కూడా పడుతుంది. యుద్ధకాలంలో అన్నానికి బదులు రోజూ ఇదే తిన్న జపాన్ తరంలో చాలామందికి తర్వాత దీని మొహం చూడబుద్ధి కాలేదు.

మనదగ్గర కథ ఇంకోలా నడిచింది. తద్దినం వంటలో క్యాబేజీ, క్యారెట్టు ఇంగ్లీషు కూరలని పక్కనపెట్టే ఇళ్ళలో కూడా శివరాత్రినాడు చిలగడదుంపని ఏ ఊరు నీది అని ఎవరూ అడగరు. నాకనిపించేదేమంటే, ఉపవాసం అంటే అన్నం మానడం, మునులు తిన్నవి కందమూలాలు అన్న ఊహ మనకి ముందే ఉంది. కొత్త దుంప వచ్చి ఆ పాత పీటమీద కూర్చుంది. సంప్రదాయం తలుపులు మనం అనుకున్నంత గట్టిగా వేసి ఏమీ లేవు.

అన్నం దొరకనివాళ్ళని బతికించిన తిండిని మనం ఏడాదికోసారి అన్నం మానేసి మరీ తింటున్నాం. ఈసారి తొక్క తీసేటప్పుడు వాళ్ళు కూడా గుర్తొస్తే బావుంటుంది.