మునిగిన ఓడ, 50 వేల గిన్నెలు

ఈ వారం ఎపిసోడ్‌లో ‘స్టోన్‌వేర్’ అన్న మాట చాలాసార్లు వాడాను. మన ఇళ్లలో ఊరగాయ జాడీ ఉంటుంది చూడండి, పైన గోధుమరంగు, కింద తెలుపు. అదే జాతి. మట్టిని 1200 డిగ్రీల దాకా కాలిస్తే రాయిలా గట్టిపడుతుంది. పైన గాజులాంటి పూత వేస్తే ఉప్పు, నూనె, పులుపు ఏదీ దాన్ని తినేయలేదు. మనం దీన్నీ తెల్లటి పల్చటి కప్పునీ కలిపి పింగాణీ అనేస్తాం గానీ రెండూ ఒకటి కాదు.

1998లో ఇండోనేసియాలోని బెలిటుంగ్ దీవి దగ్గర, సముద్రం అడుగున జీవుల్ని ఏరుకునేవాళ్లకి ఒక మునిగిన ఓడ కనిపించింది. లోతు 17 మీటర్లే. అది చైనా ఓడ కాదు, మేకులు లేకుండా పలకల్ని తాళ్లతో కుట్టిన అరబ్బు పద్ధతి ఓడ. (మస్కట్‌లో ఉన్న మనోళ్లు వినే ఉంటారు. ఒమన్ వాళ్లు ఇలాంటి ఓడనే కొబ్బరి పీచు తాళ్లతో కుట్టి, ‘జ్యువెల్ ఆఫ్ మస్కట్’ అని పేరుపెట్టి, 2010లో సింగపూర్ దాకా నడిపారు.)

సరుకులో 50 వేలకు పైగా ఒకే కొలత గిన్నెలు. హునాన్ ప్రాంతంలో, చాంగ్‌షా దగ్గరి బట్టీల్లో కాల్చినవి. ఒక గిన్నె మీద తేదీ గీసి ఉంది, మన లెక్కలో 826. పెద్ద జాడీల్లో చుట్లు చుట్లుగా, ఒక్కో దాంట్లో వందకు పైగా పేర్చారు. ఇంటికి కార్గో కట్టే మనం ఆ ప్యాకింగ్ ఒకసారి చూడాలి! ఇవే గిన్నెల ముక్కలు ఇరాన్ తీరంలోని సిరాఫ్ పాత రేవులో తవ్వకాల్లో దొరికాయి. అంటే ఈ సరుకు కూడా గల్ఫ్ వైపే పోతుండాలి.

సింగపూర్ నది ఒడ్డున ఏషియన్ సివిలైజేషన్స్ మ్యూజియంలో వీటిని చూశాను. ఎంత తొందరగా చేసిన పనో తెలిసిపోతుంది. గిన్నె అంచుని నాలుగు వైపులా గోధుమరంగులో ముంచుతారు, మధ్యలో నలుచదరంగా ఖాళీ మిగులుతుంది. అందులో ఇనుముతో వచ్చే గోధుమ, రాగితో వచ్చే ఆకుపచ్చ రంగులతో కుంచె నాలుగైదు సార్లు తిప్పితే ఒక పక్షి. పక్క గిన్నెలో ఇంకో పక్షి. ఏ రెండూ ఒక్కలా ఉండవు.

ఈ బొమ్మలకి అర్థం ఏంటి? పాత చైనా పాత్రల మీది గుర్తులకి అర్థాలు చెప్పే పట్టికలు చాలానే ఉన్నాయి. గబ్బిలం అంటే అదృష్టం, ఎందుకంటే చైనా భాషలో రెండు మాటలూ ‘ఫూ’ అనే పలుకుతాయి. చేప అంటే మిగులు, రెండూ ‘యూ’. మింగ్, చింగ్ రాజుల కాలపు పాత్రలకి ఆ పట్టిక బాగా పనికొస్తుంది. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందు, ఇంకో దేశానికి కట్టిన ఈ సరుకు దగ్గర తడబడుతుంది. ఇక్కడ తామర ఉంది, స్తూపం ఉంది, అవి బౌద్ధానివి. అరబ్బీ రాతలా కనిపించే గీతలున్నాయి. గీసినవాడికి ఆ లిపి వచ్చని నాకు అనిపించలేదు, చూసి దించినట్టుంది. కొన్నిటి మీద చైనా పద్యాలు. ఒకదాంట్లో ఉంగరాల జుట్టు విదేశీయుడి ముఖం.

మకరం కూడా ఉంది. మన గుళ్లో దేవుడి వెనక మకరతోరణంలో నోరు తెరుచుకుని ఉంటుందే, ఆ మకరమే. బౌద్ధంతో పాటు ఇండియా నుంచి చైనా చేరి, అక్కడ చేప ఒళ్లు తెచ్చుకుని, మళ్లీ గల్ఫ్ ఓడ ఎక్కింది. నా లెక్కలో ఇది గుర్తుల భాష కన్నా అంగడి తెలివి. కొనేవాడు ఏ దేవుడికి మొక్కుతాడో తెలియనప్పుడు అన్నీ కలిపి పంపారు. ఒక గిన్నె మీద రాత అచ్చంగా ప్రకటనే: హునాన్‌లో షిజూ ఊరి ఫాన్ వారి పేరుపొందిన గిన్నె ఇది అని. యజమాని ఇంటిపేరు మిగిలింది, పక్షులు గీసినవాళ్లది లేదు.

ఓడని పైకి తీసింది ప్రభుత్వ పురావస్తు శాఖ కాదు, ఒక వ్యాపార సంస్థ. పని 1998, 1999 రెండు సీజన్లలో ముగించేసింది. 2005లో సింగపూర్ సుమారు 3.2 కోట్ల అమెరికా డాలర్లకి సరుకు కొంది. వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ 2012లో ప్రదర్శన పెడదామనుకుంటే పురావస్తు నిపుణులు గట్టిగా అడ్డుపడ్డారు, 2011లోనే రద్దు చేసుకున్నారు. సరుకు వేలంలో ముక్కలై పోకుండా ఒక్కచోట ఉండడం మంచిదే అంటాను. కానీ వాళ్ల కోపమూ న్యాయమే. అమ్మడానికి తవ్వేవాడి కన్ను అమ్ముడుపోయే దాని మీదే ఉంటుంది. ఆ ఓడలో పనిచేసినవాళ్లు వాడుకున్న వస్తువులు కొద్దిగానే దొరికాయి. వాటిలో ఒకటి సన్నికల్లు, పొత్రంతో సహా. ఇండోనేసియా వైపుదని అంటారు. అది ఓడలో ఏ మూల, ఎవరి సామాన్ల పక్కన ఉందో తెలిస్తే, దాని మీద మసాలా నూరినవాళ్లు ఎవరో కొంతైనా చెప్పగలిగేవాళ్లం.