బంగ్లాదేశ్ మాధ్యమిక విద్య - మదర్సాలలో బాలికల ప్రవేశం

బెంగాల్ ముస్లిముల విద్యాచరిత్రను 1780లో వారన్ హేస్టింగ్స్ స్థాపించిన కలకత్తా మదర్సాతో ఆరంభించడం పరిపాటి. ఆలియా మదర్సాల పరంపరకు మూలం అదే. 1947 విభజనలో దానిలో ఒక భాగం ఢాకాకు తరలింది. అంతకు చాలా ముందే, 1915లో, మౌలానా అబూ నస్ర్ వహీద్ గారి కృషితో వచ్చిన ‘న్యూ స్కీమ్’ పారశీకాన్ని తొలగించి ఇంగ్లీషును నిర్బంధ పాఠ్యాంశం గావించింది. ఏ భాష ఉండాలి, ఏ కితాబు పోవాలి అని ఉలమాలు తరతరాలుగా వాదించుకున్నారు. ఆ వాదాలన్నిటిలోనూ విద్యార్థి అంటే బాలుడే. బాలికల కోసం బేగమ్ రుఖయ్యా సఖావత్ హుస్సేన్ 1911లో కలకత్తాలో పాఠశాల తెరిస్తే చేరినవారు ఎనిమిదిమంది. వారిని పరదా కట్టిన బండిలో తీసుకురావలసి వచ్చింది.

1991లో బంగ్లాదేశ్ మాధ్యమిక తరగతులలో బాలికలు సుమారు 11 లక్షలు. 2005 నాటికి 39 లక్షలు. మొత్తం విద్యార్థులలో మూడోవంతుగా ఉన్నవారు సగానికి మించిపోయారు. ఇది ఎట్లు సాధ్యమైంది?

1982లో చాంద్‌పూర్ ప్రాంతంలోని శాహ్‌రాస్తిలో ఒక చిన్న ప్రయోగం జరిగింది. ఆరవ తరగతి నుండి పదవ తరగతి వరకు చదివే బాలికలకు ఉపకారవేతనం ఇచ్చారు. 1994లో ప్రభుత్వం దానిని గ్రామీణ ప్రాంతమంతటికీ విస్తరించింది. ఆరవ తరగతి బాలికకు నెలకు 25 టాకాలు, పదవ తరగతి బాలికకు 60. ఈ డబ్బు బాలిక పేరున ఉన్న బ్యాంకు ఖాతాలోనే పడేది. షరతులు మూడు: నూటికి 75 హాజరు, పరీక్షలో నూటికి 45 మార్కులు, పదవ తరగతి పరీక్ష ముగిసేవరకు వివాహం కాకుండడం. మూడవదే అన్నిటికంటె బరువైనది. పెండ్లి సంబంధం వచ్చినప్పుడు “ఇంకొక్క ఏడు ఆగుదాం” అనడానికి తండ్రికి ఒక సాకు దొరికింది.

బాలిక ఫీజును ప్రభుత్వమే పాఠశాలకు చెల్లించేది. ఈ ఏర్పాటు గుర్తింపు పొందిన ఆలియా మదర్సాలకు కూడా వర్తించింది. వాటిలోని ‘దాఖిల్’ పరీక్షను 1985లోనే పదవ తరగతికి సమానంగా గుర్తించారు. (దాఖిల్ అంటే లోనికి ప్రవేశించినవాడు. దరఖాస్తు ‘దాఖలు’ చేశామని మనం అనేదీ ఆ మాట నుండి వచ్చినదే. అనువాదకుడికి ఇటువంటివి కనబడితే వదలబుద్ధి కాదు.) అధ్యాపకుల జీతాలలో అధిక భాగం అప్పటికే ప్రభుత్వం భరిస్తున్నది. ఇక ప్రతి బాలిక రాకతో మదర్సాకు కొంత ఆదాయం. మగపిల్లలకే పరిమితమైన సంస్థలు ఒక్కొక్కటే తలుపులు తెరిచాయి. కొద్ది సంవత్సరాలలో ఆలియా మదర్సాల విద్యార్థులలో బాలికలు దాదాపు సగమయ్యారు. ప్రభుత్వ సహాయానికి దూరంగా నిలిచిన ఖౌమీ మదర్సాలలో ఈ మార్పు ఇదే తీరున రాలేదు.

నేను చదివిన మదర్సాలో బాలిక అన్నది మసాయిల్ పాఠంలో వచ్చే ప్రస్తావన మాత్రమే, తరగతిలో కాదు. అందుచేత కాబోలు, ఈ చరిత్ర చదివినప్పుడు నాకు సంతోషం కంటె సిగ్గే ఎక్కువ కలిగింది. విద్యార్జన విధి అని మింబర్ల మీద వినిపిస్తూనే ఉన్నాం. తలుపు తెరవడానికి మాత్రం ఫీజు లెక్క కావలసి వచ్చింది. ఇది డబ్బుకు దీన్ లొంగడమేనని ఆక్షేపించేవారున్నారు. నేను అంగీకరించను. డబ్బు తెచ్చి ఇవ్వగానే తొలగిన అభ్యంతరం, మొదటినుండీ షరీఅత్‌ది కాదు, అలవాటుది.

అయితే ఘనతంతా ఉపకారవేతనానికే కట్టబెట్టరాదు. 1994కు ముందే బాలికల సంఖ్య పెరగసాగింది. 1970ల నడుమ స్త్రీకి సగటున ఆరుగురికి పైబడిన సంతానం, 2000 నాటికి ముగ్గురిని కాస్త మించిన మేరకు తగ్గింది. పిల్లలు తక్కువైన ఇంట ఆడపిల్ల బడికి నోచుకుంటుంది. బట్టల కర్మాగారాలలో యువతులకు జీతాలు దొరకడం కూడా తండ్రుల కళ్లు తెరిపించింది.

చేరినవారందరూ పూర్తి చేయలేదు. పదవ తరగతికి చేరకుండానే చాలామంది మానేశారు. 2019 సర్వే నాటికి కూడా 20-24 ఏళ్ల స్త్రీలలో సగం మందికి 18 ఏళ్లు నిండకముందే వివాహమైంది. షరతు పరీక్షవరకే గనుక, పరీక్ష గడిచిన మరునాడు ఆ తండ్రి చేతిలో సాకు మిగలదు. బడి మానేస్తున్న పేద బాలురకు సైతం తరువాతి కాలంలో ఉపకారవేతనం ఇవ్వవలసి వచ్చింది.